పైథాన్‌తో రీడింగులు తీస్తుంటే టైమ్ తప్పుతోందా? ఏ దారి ఎవరికి సరిపోతుంది

తిరుపతిలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివే ఒక అమ్మాయి ప్రాజెక్టు పని మీద లాప్‌టాప్ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్, 47 కిలో ఓమ్ రెసిస్టర్. కెపాసిటర్‌ను ఛార్జ్ చేసి వదిలేసి, వోల్టేజి ఎలా పడిపోతోందో మల్టీమీటర్ నుంచి పైథాన్ స్క్రిప్టుతో తీసుకుంటోంది. లెక్క ప్రకారం టైమ్ కాన్‌స్టంట్ (వోల్టేజి మొదటి విలువలో దాదాపు 37 శాతానికి పడిపోవడానికి పట్టే సమయం) 47 సెకన్లు రావాలి. ప్రతిసారీ 30 దగ్గరే వస్తోంది. "అన్నా, కెపాసిటర్ మూడుసార్లు మార్చాను. ఎల్లుండి గైడ్‌కి చూపించాలి, టెన్షన్‌గా ఉంది" అంది.

ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ 20 శాతం అటూ ఇటూ ఉండడం మామూలే. కానీ మూడు కెపాసిటర్లు ఒకే లెక్కన 36 శాతం తప్పవు కదా. స్క్రిప్టు తెరిచి చూశాను. రీడింగ్ తీసుకోవడం, లిస్టులో వేసుకోవడం, 0.1 సెకను స్లీప్, ఇలా 600 సార్లు. గ్రాఫులో అడ్డంగా ఉన్న టైమ్ అక్షానికి రీడింగ్ నంబరును 0.1తో గుణించి పెట్టింది. అంటే ఆమె లెక్కలో ఇది సరిగ్గా ఒక నిమిషం ప్రయోగం. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి మళ్లీ నడిపించాం. 94 సెకన్లు పట్టింది.

ఆ మిగతా 34 సెకన్లు ఎక్కడికి పోయాయో విడదీసి చూడడం తేలికే. సీరియల్ పోర్టు 9600 బాడ్‌లో, అంటే సెకనుకు 9600 బిట్ల వేగంలో ఉంటే ఒక అక్షరానికి 10 బిట్లు చొప్పున ఒక్కో అక్షరానికి మిల్లీసెకనుకు కాస్త పైనే పడుతుంది. మీటర్‌కు పంపిన కమాండ్ 6 అక్షరాలు, అది 6 మిల్లీసెకన్లు. మీటర్ కొలవడానికి 20. జవాబు 16 అక్షరాలు, దానికి 17. మిగిలినది యూఎస్‌బీ-సీరియల్ అడాప్టర్ దగ్గర ఆగింది. ఎఫ్‌టీడీఐ చిప్పు ఉన్న అడాప్టర్లు వచ్చిన కొద్దిపాటి అక్షరాలను వెంటనే కంప్యూటర్‌కు ఇవ్వవు. ఇంకేమైనా వస్తాయేమోనని 16 మిల్లీసెకన్ల దాకా పట్టి ఉంచుతాయి. అన్నీ కలిపి 57. స్లీప్ 100, పని 57, మొత్తం ఒక చుట్టుకు 157 మిల్లీసెకన్లు. 600 చుట్లకు 94 సెకన్లు. 47ను 1.57తో భాగిస్తే 29.9. ఆమెకు వచ్చిన 30 అదే!

ఇలాంటప్పుడు చాలామంది "పైథాన్ స్లో, సీ ప్లస్ ప్లస్‌లో రాసుకో" అని సలహా ఇస్తారు. నేను ఒప్పుకోను. పై లెక్కలో పైథాన్ వాటా ఎక్కడుంది? అదే పని ఏ భాషలో రాసినా 57 మిల్లీసెకన్లు పట్టేది. అసలు చూడాల్సింది, మీ రీడింగ్ పక్కన టైమ్ ఎవరు వేస్తున్నారు అన్నది. స్క్రిప్టా, మీటరా, చిన్న బోర్డా, కొలతలు తీసే డాక్ (డేటా అక్విజిషన్) కార్డులోని క్లాకా? ఎంపిక అంతా దాని మీదే ఉంటుంది.

ముందు రెండు పరీక్షలు

ఏదైనా కొనేముందు ఈ రెండూ చేయండి. మొదటిది, ప్రతి రీడింగ్‌కూ టైమ్‌స్టాంప్ వేసి, పక్కపక్క స్టాంపుల మధ్య తేడాలను హిస్టోగ్రామ్‌గా గీయండి. తేడాలన్నీ ఒకే చోట గుట్టగా పడి, ఆ గుట్ట మీరు అడిగిన వ్యవధికి కుడివైపున ఉంటే అది డ్రిఫ్ట్, పైన చెప్పిన జబ్బే. గుట్ట సరైన చోట ఉండి తోక పొడుగ్గా సాగితే అది జిట్టర్. మధ్యలో ఎవరో అడ్డుపడుతున్నారు. గ్రాఫు గీయడమో, ఫైల్ రాయడమో, యాంటీవైరసో. 15.6 మిల్లీసెకన్ల మెట్లుగా కనిపిస్తే అది విండోస్ టైమర్ పని. విండోస్ గడియారం మామూలుగా సెకనుకు 64 సార్లే కొట్టుకుంటుంది. పాత పైథాన్‌లో 1 మిల్లీసెకను స్లీప్ అడిగినా అది ఆ మెట్టు దాకా ఆగుతుంది. పైథాన్ 3.11 నుంచి విండోస్‌లో స్లీప్ మెరుగైన టైమర్ వాడుతోంది కాబట్టి ఈ బాధ బాగా తగ్గింది. మన కాలేజీ ల్యాబుల్లో ఇంకా విండోస్ 7 మెషీన్లు నడుస్తున్నాయి. వాటి మీద పైథాన్ 3.8 దాటి ఎక్కదు. అలాంటి మెషీన్‌తో కుస్తీ పట్టడం కంటే, పాత కంప్యూటరే అయినా లైనక్స్ వేసుకోవడం మేలు.

రెండో పరీక్షకు స్క్రిప్టులో ఏమీ మార్చక్కర్లేదు. సెన్సర్‌ను చేత్తో పట్టుకోండి, లేదా ప్రోబ్ పీకేయండి. తెరమీద అంకె ఎంతసేపటికి కదిలింది? వెంటనే కదలకపోతే మీరు పాత రీడింగులు చదువుతున్నారు. కొన్ని మీటర్లు అడగకుండానే రీడింగులు పంపుతూ ఉంటాయి. మీటర్ సెకనుకు 10 పంపుతోంది, స్క్రిప్టు 7 మాత్రమే చదువుతోంది అనుకోండి. సెకనుకు 3 చొప్పున బఫర్‌లో, అంటే చదివేదాకా వాటిని దాచే మెమరీలో పేరుకుపోతాయి. 4096 బైట్ల బఫర్‌లో 16 అక్షరాల రీడింగులు 256 పడతాయి. అది నిండడానికి నిమిషంన్నర చాలు. అప్పటినుంచి మీరు చదివే ప్రతి అంకే 36 సెకన్ల పాతది, ఆపైన వచ్చినవి కొన్ని పడిపోతుంటాయి కూడా. హిస్టోగ్రామ్‌లో ఇది కనిపించదు, ఎందుకంటే స్టాంపుల మధ్య తేడాలు చక్కగానే ఉంటాయి. అందుకే చెయ్యి పెట్టి చూడమంటున్నాను.

ఇంకో మాట. కొన్నిసార్లు తప్పు సెన్సర్‌లోనే ఉంటుంది. డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సర్ 12 బిట్ల రీడింగ్ తయారు చేయడానికి 750 మిల్లీసెకన్ల దాకా తీసుకుంటుంది. థర్మోకపుల్‌కు వాడే మాక్స్6675 చిప్పుకు 0.22 సెకను దాకా కావాలి. అంతకంటే తొందరపెట్టి అడుగుతుంటే కొలత మళ్లీ మొదటికొచ్చి, అంకె కదలకుండా నిలిచిపోతుంది. వీటిని సెకనుకు పదిసార్లు అడిగి లాభం లేదు.

ఉన్న స్క్రిప్టునే సరిచేసుకోవడం

సెకనుకు ఒకటి, రెండు, మహా అయితే పది రీడింగులు కావాల్సినవాళ్లకు ఇదే చాలు. డబ్బు ఖర్చు లేదు. నా దగ్గరికి వచ్చే ప్రాజెక్టుల్లో ఎక్కువభాగం ఇక్కడే తేలిపోతాయి.

చేయాల్సినవి మూడు. మొదటిది, రీడింగ్ నంబరును వ్యవధితో గుణించి టైమ్ అనుకోవడం మానేయాలి. ప్రతి రీడింగ్‌కూ అసలు టైమ్ రాసుకోవాలి. రెండోది, ఆ టైమ్‌ను మామూలు టైమ్.టైమ్ ఫంక్షన్‌తో తీసుకోకండి. అది గోడ గడియారం లాంటిది. ఇంటర్నెట్ నుంచి సమయం సరిచేసుకున్నప్పుడు ముందుకో వెనక్కో గెంతుతుంది. వ్యవధులు కొలవడానికి పెర్ఫ్ కౌంటర్ గానీ మోనోటానిక్ గానీ వాడండి. పైథాన్ 3.3 నుంచి రెండూ ఉన్నాయి, రెండూ వెనక్కి నడవవు. తేదీ, గంట కూడా కావాలంటే ప్రయోగం మొదట్లో ఒక్కసారి గోడ గడియారాన్ని, పెర్ఫ్ కౌంటర్‌ను పక్కపక్కన రాసిపెట్టుకోండి. తర్వాత కూడికతో సరిపోతుంది.

మూడోది, స్లీప్‌కు ఎప్పుడూ ఒకే సంఖ్య ఇవ్వకండి. తర్వాతి రీడింగ్ ఎప్పుడో మొదలు నుంచి లెక్కగట్టి, ఇప్పటి టైమ్ తీసేసి, మిగిలినంత సేపే నిద్రపొమ్మనండి. అప్పుడు ఒక చుట్టు ఆలస్యమైనా ఆ ఆలస్యం తర్వాతి చుట్టుకు అంటుకోదు. పని వ్యవధిని దాటిపోతే మిగిలిన సమయం మైనస్‌లోకి పోతుంది. అప్పుడు తప్పిపోయిన వంతును వదిలేసి తర్వాతి వంతుకు వెళ్లండి. పోగొట్టుకున్నవాటిని గబగబా తీసి పూడ్చేస్తే గ్రాఫులో దొంగ రీడింగులు చేరతాయి.

నేను తప్పకుండా చేయమనే పని ఇంకొకటుంది. మీటర్‌ను అడగడానికి ముందు ఒక స్టాంపు, జవాబు వచ్చాక ఒక స్టాంపు వేసి, రెండూ ఫైల్‌లో దాచుకోండి. కొలత ఆ రెండింటి మధ్యలో ఎక్కడో జరిగింది. మధ్య బిందువును టైమ్‌గా తీసుకుంటే, ఆ వెడల్పులో సగం మీ టైమ్‌లో ఉండగల పొరపాటు. వైవాలో "టైమ్‌లో ఎర్రర్ ఎంత?" అని అడిగితే చెప్పడానికి నిజమైన అంకె ఉంటుంది.

లైనక్స్‌లో ఎఫ్‌టీడీఐ అడాప్టర్ లేటెన్సీ టైమర్‌ను, అంటే అక్షరాలను పట్టి ఉంచే ఆ మిల్లీసెకన్లను, 16 నుంచి 1కి దించవచ్చు. విండోస్‌లో డివైస్ మేనేజర్‌లో పోర్టు అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో అదే ఉంటుంది. మీటర్ ఒప్పుకుంటే బాడ్ రేటును 115200కి పెంచండి.

థ్రెడ్డా, ప్రాసెస్సా

హిస్టోగ్రామ్‌లో తోక పొడుగ్గా ఉన్నవాళ్ల కోసం ఇది. రీడింగ్ తీసే లూప్‌లోనే మాట్‌ప్లాట్‌లిబ్ గ్రాఫు గీయడం మనవాళ్లకు బాగా అలవాటు. ఒక్కో గీతకు పదులనుంచి వందల మిల్లీసెకన్లు అక్కడే పోతాయి. రీడింగ్ తీసే పనిని ఒక థ్రెడ్‌కు (అదే ప్రోగ్రాంలో పక్కన విడిగా నడిచే పని) ఇచ్చి, క్యూలో వేయించి, గ్రాఫు వేరే చోట గీయించండి. పోర్టు మీద ఎదురుచూస్తున్నంతసేపూ పైథాన్ జీఐఎల్ తాళాన్ని (ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే నడవనిచ్చేది) వదిలేస్తుంది కాబట్టి థ్రెడ్లు ఇక్కడ బాగానే పనికొస్తాయి. అయితే గ్రాఫు గీసే థ్రెడ్ తాళం పట్టుకుని కూర్చుంటే, రెండోది అడిగాక 5 మిల్లీసెకన్లకు గానీ పైథాన్ దాన్ని వదలమనదు. ఆ పాటి ఆలస్యం కూడా మీకు కుదరదంటే మల్టీప్రాసెసింగ్‌కు వెళ్లండి. రెండు పైథాన్లు, రెండు తాళాలు.

ఒకే థ్రెడ్‌లో చాలా పనులను వంతులవారీగా నడిపే అసింక్ఐఓ గురించి అడుగుతారు. పదిహేను పరికరాలతో నెట్‌వర్కులో మాట్లాడేవాళ్లకు అది బాగుంటుంది. ఒక్క మీటర్‌కు, అందులోనూ పైవీసా (మీటర్లతో మాట్లాడే పైథాన్ లైబ్రరీ)లో మామూలు క్వెరీ వాడేవాళ్లకు వద్దంటాను. ఆ ఒక్క పిలుపు జవాబు వచ్చేదాకా మిగతా అన్నిటినీ ఆపేస్తుంది.

మీటర్ గడియారాన్నే నమ్ముకోవడం

నాకు అన్నిటికంటే నచ్చిన దారి ఇది. ఎందుకో మనవాళ్లు దీన్ని చాలా తక్కువ వాడతారు. ఓ మోస్తరు బెంచ్ మల్టీమీటర్‌లో సొంత ట్రిగ్గర్, సొంత మెమరీ ఉంటాయి. "ఇన్ని రీడింగులు తీసి నీ దగ్గరే ఉంచుకో" అని ఒక్కసారి చెప్పి, అంతా అయ్యాక మూటగా తెచ్చుకోవచ్చు. కొన్నిటిలో రీడింగుల మధ్య వ్యవధిని కూడా మీటరే చూసుకుంటుంది. మధ్యలో కేబుల్, అడాప్టర్, విండోస్ ఏవీ అడ్డురావు. ఆ అమ్మాయి విషయంలో కూడా చివరికి ఇదే చేశాం. ఫలితం 45.8 సెకన్లు వచ్చింది, అంటే కెపాసిటర్ టాలరెన్స్‌లో హాయిగా ఇమిడిపోయింది. మాన్యువల్ చదవడానికి ఒక పూట పడుతుంది, అంతే.

ఇక్కడ మూడు సెట్టింగులు సరిగ్గా లేకపోతే టైమ్ మళ్లీ పాడవుతుంది. ఆటో రేంజ్ ఆపేయండి. వోల్టేజి పడిపోతూ రేంజ్ మారిన ప్రతిసారీ మీటర్ కాసేపు ఆగి సర్దుకుంటుంది, గ్రాఫులో అక్కడ గొయ్యి కనిపిస్తుంది. ఆటో జీరో ఆన్‌లో ఉంటే ప్రతి రీడింగ్‌కూ మీటర్ లోపల ఇంకో కొలత తీసుకుంటుంది కాబట్టి సమయం దాదాపు రెట్టింపు. ఇక ఎన్‌పీఎల్‌సీ, అంటే కరెంటు సైకిళ్ల లెక్కన ఎంతసేపు కొలవాలో చెప్పేది. మన దగ్గర 50 హెర్ట్జ్ కాబట్టి 1 అంటే 20 మిల్లీసెకన్లు, 10 అంటే 200. పది పెట్టి సెకనుకు పది రీడింగులు అడిగితే ఎక్కడినుంచి వస్తాయి? 1 కంటే తగ్గిస్తే వేగం వస్తుంది కానీ కరెంటు లైన్ హమ్ రీడింగ్‌లోకి దూరుతుంది. బయటి దేశాల నుంచి వచ్చిన సెకండ్ హ్యాండ్ మీటర్లలో లైన్ ఫ్రీక్వెన్సీ 60కి పెట్టి ఉండొచ్చు, అదీ ఒకసారి చూసుకోండి.

ఆర్డునో లాంటి చిన్న బోర్డు

మీటర్‌కు ఆ సదుపాయం లేనప్పుడు, సెకనుకు పది నుంచి కొన్ని వందల రీడింగులు కావాల్సినప్పుడు ఇది మంచి బేరం. కొన్ని వందల రూపాయల్లో పని అయిపోతుంది. తిరుపతిలో దొరక్కపోతే చెన్నై రిచ్చి స్ట్రీట్‌కు ఒక ట్రిప్పు వేసినా చాలు. కొలత తీసిన క్షణంలోనే బోర్డు మైక్రోస్ విలువను (బోర్డు మొదలైనప్పటినుంచి గడిచిన మైక్రోసెకన్ల లెక్క) రీడింగ్ పక్కన పెట్టి పంపాలి. కంప్యూటర్‌లో పైథాన్ దాన్ని ఎంత ఆలస్యంగా చదివినా ఫర్వాలేదు, టైమ్ మాత్రం కొలిచిన చోటే పడింది.

ఉనో బోర్డులో మైక్రోస్ 4 మైక్రోసెకన్ల మెట్లలో కదులుతుంది, ఒక అనలాగ్ రీడింగ్‌కు 100 మైక్రోసెకన్లకు కాస్త పైన పడుతుంది. రెండు చోట్ల జాగ్రత్త. మైక్రోస్ కౌంటర్ 71 నిమిషాలు దాటాక మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. రెండు గంటల ప్రయోగంలో టైమ్ హఠాత్తుగా వెనక్కి పోయిందని కంగారు పడకండి, పైథాన్ వైపు ఆ చుట్టును కలుపుకోండి. రెండోది, పోర్టు తెరవగానే ఉనో రీసెట్ అవుతుంది. మొదటి రెండు సెకన్లు వదిలేసి మొదలుపెట్టండి. సీరియల్ వేగం 9600లో వదిలేస్తే బోర్డు పంపే బఫర్ నిండిపోయి లూప్ అక్కడే నిలబడుతుంది. 115200 పెడితే 20 అక్షరాల వరుసలు సెకనుకు 576 దాకా పోతాయి.

గంటల తరబడి కచ్చితత్వం కావాలంటే ఉనో వద్దు. దాని క్లాక్‌కు వాడేది సెరామిక్ రెసొనేటర్, క్రిస్టల్ అంత నికరంగా ఉండదు. వెయ్యిలో ఒక వంతు తేడా ఉన్నా గంటకు 3.6 సెకన్లు. క్రిస్టల్ ఉన్న బోర్డులో 20 పీపీఎం (పది లక్షల్లో 20 వంతులు) తేడా ఉంటే రోజంతటికీ 1.7 సెకన్లే.

డాక్ కార్డు ఎప్పుడు కొనాలి

తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి దగ్గర జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అక్కడి ఎంఎస్‌టీ రాడార్ 53 మెగాహెర్ట్జ్‌లో ఆకాశంలోకి పల్స్ పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని వింటుంది. ప్రతిధ్వని ఎంతసేపటికి వచ్చిందన్న దాన్నిబట్టే అది ఎంత ఎత్తునుంచి వచ్చిందో తెలుస్తుంది. పోయిరావడానికి కలిపి 1 మైక్రోసెకను అంటే 150 మీటర్ల ఎత్తు. ఈ టైమ్‌ను ఏ స్క్రిప్టు స్లీప్‌కూ అప్పగించలేం. 1 మిల్లీసెకను పొరపాటు 150 కిలోమీటర్లు అయిపోతుంది! అలాంటి చోట టైమింగ్ హార్డ్‌వేర్‌లో ఉండి తీరాలి.

మన అవసరాలు అంత దూరం పోవు. కానీ మోటారు వైబ్రేషన్, శబ్దం, కరెంటు తరంగం లాంటివి తీయాలంటే ఇదే సూత్రం. 50 హెర్ట్జ్ తరంగంలో 1 మిల్లీసెకను జిట్టర్ అంటే 18 డిగ్రీల ఫేజ్ తేడా. పవర్ ఫ్యాక్టర్ లెక్క అంతా గల్లంతవుతుంది. సెకనుకు వెయ్యి శాంపిళ్లు దాటాయంటే కార్డు మీద ఉన్న శాంపిల్ క్లాక్ కావాలి. పైథాన్ పని బఫర్‌లోంచి ముద్దలుగా తీసుకోవడమే. ఒక్కో శాంపిల్ కోసం రీడ్ పిలిచే స్క్రిప్టు రాసి, వేలు పోసి కొన్న కార్డును మళ్లీ స్లీప్ లూప్‌కు దించేసినవాళ్లను చూశాను, ప్రాణం ఉసూరుమంది. కంటిన్యుయస్ మోడ్‌లో పెట్టి, పదో వంతు సెకనుకు సరిపడా శాంపిళ్లను ఒకేసారి చదవండి. ఆలస్యం చేస్తే పాతవాటి మీద కొత్తవి వచ్చి పడి ఎర్రర్ ఇస్తుంది. ఆ ఎర్రర్‌ను ట్రై-ఎక్సెప్ట్‌తో నొక్కేయకండి, బఫర్ పెంచండి.

కొనేముందు ఒక ప్రశ్న అడగండి. అన్ని ఛానెళ్లూ ఒకే క్షణంలో కొలుస్తుందా, ఒకదాని తర్వాత ఒకటా? చవక కార్డుల్లో ఒకే కన్వర్టర్ ఛానెళ్లన్నీ తిరుగుతుంది. ఉష్ణోగ్రతకు తేడా ఉండదు. వోల్టేజి, కరెంటు ఫేజ్ పోల్చేవాళ్లకు మాత్రం ఉంటుంది.

రోజుల తరబడి నడిచే లాగర్లు

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు సీజన్‌లో ఫ్యాక్టరీలు రాత్రీ పగలూ నడుస్తాయి. ఒక చోట రాస్‌ప్బెరీ పైతో కోల్డ్ రూమ్ ఉష్ణోగ్రతను పది సెకన్లకోసారి రాసుకునేవాళ్లు. ఫైల్‌లో ఒక రాత్రి 2 గంటల 40 నిమిషాల తర్వాత 2 గంటల 5 నిమిషాలు వచ్చింది. కరెంటు పోయి వచ్చింది, అంతే. నాలుగో తరం దాకా రాస్‌ప్బెరీ పైలో బ్యాటరీ గడియారం లేదు. ఐదో దానిలో ఉంది కానీ బ్యాటరీ విడిగా పెట్టుకోవాలి. అది లేకపోతే ఆఖరుసారి దాచుకున్న సమయం నుంచి లేచి, ఇంటర్నెట్ దొరికాక ఒక్క గెంతు గెంతుతుంది. రూటర్ కూడా అదే కరెంటు మీద ఉంటే ఆ గెంతు ఎప్పటికో.

ఇక్కడ మిల్లీసెకన్ల గురించి ఆలోచించడం అనవసరం. డీఎస్3231 గడియారం మాడ్యూల్ ఒకటి పెట్టండి. మామూలు గది ఉష్ణోగ్రతల్లో 2 పీపీఎం, అంటే ఏడాదికి దాదాపు ఒక నిమిషమే తప్పుతుంది. ప్రతి వరుసలో గోడ గడియారం, మోనోటానిక్ విలువ, మెషీన్ లేచిన ప్రతిసారీ ఒకటి పెరిగే రన్ నంబరు, మూడూ రాయండి. మోనోటానిక్ మెషీన్ లేచినప్పుడల్లా మొదటికొస్తుంది కాబట్టి రన్ నంబరు లేకుండా దానికి అర్థం ఉండదు. టైమ్‌ను యూటీసీలో దాచి, చూపించేటప్పుడు మాత్రం ఐదున్నర గంటలు కలపండి.

కొండ కింద ఒకటి, కొండపైన ఒకటి లాగర్లు పెట్టి వాన ముందు ఎక్కడ మొదలైందో చూడాలనుకునేవాళ్లకు ఎన్‌టీపీతో (నెట్‌వర్కు ద్వారా సమయం సరిచేసే పద్ధతి) కుదిరిన గడియారాలు చాలు, పదుల మిల్లీసెకన్లలో కలిసిపోతాయి. పిడుగు సిగ్నల్ రెండు చోట్లా పట్టి పోల్చాలనుకుంటే మాత్రం రెండింటికీ సెకనుకో పల్స్ ఇచ్చే జీపీఎస్ రిసీవర్ పెట్టి, ఆ పల్స్‌ను నేరుగా కార్డు ఛానెల్‌కో బోర్డు ఇంటరప్ట్ పిన్నుకో కలపండి. దాన్ని యూఎస్‌బీ గుండా తెచ్చుకుంటే, మొదట చెప్పిన ఆ అడాప్టర్ ఆలస్యాలన్నీ మళ్లీ తిరిగొస్తాయి.